తొమ్మిదో పగడం

ఎనిమిది పగడాలకి పేర్లు చెప్పేశాడు. ఇక మిగిలింది ఒక్కటే.

రంగుచేపల దుకాణం ఆయన గుండెల్లో రాయి పడింది అక్కడే. ఆ ఒక్కదాని పేరూ చెప్పేస్తే, వచ్చే ఆదివారం ఏ వంక పెట్టుకుని ఆవిడ గుమ్మం తొక్కడం?

ఆవిడింట్లో ఉప్పునీళ్ళ తొట్టి ఉంది. మేనల్లుడు ఊరు మారుతూ వదిలేసి పోయాడట. నిండా మెత్తటి పగడాలే, నీళ్ళలో మొక్కల్లా ఊగే ప్రాణులు. ఏది ఏమిటో తనకి బొత్తిగా తెలియదంది. "వారానికొకటి చెప్పండి చాలు. ఎక్కువైతే నా బుర్రకెక్కదు" అంది.

పెళ్ళాం పోయాక ఆరేళ్ళుగా మొహం చూపించని అద్దం ముందు, ఆవిడ అలా అడిగిన దగ్గర్నించీ ఆయన రోజూ హాజరు వేయించుకుంటున్నాడు. పొద్దున కూతురు అడగనే అడిగింది.

"పగడాలకి కూడా ఇస్త్రీ చొక్కా కావాలా నాన్నా?"

"నోర్ముయ్యవే" అని, కాస్త సెంటు కూడా రాసుకుని మరీ వచ్చాడు.

తొట్టి ముందు రెండు స్టూళ్ళు. నీలం దీపం ఆర్పించి తెల్లది వేయించాడు. భూతద్దం పెట్టాడు. గోధుమరంగు కాడ, చేతివేళ్ళలాంటి కొమ్మలు. ఒంటినిండా బుల్లి పువ్వులు, పువ్వుకి ఎనిమిదేసి రేకులు. విరగబూసి ఊగుతోంది.

వేళ్ళ పగడం. ఇలాంటివి వందలమ్మాడు.

"ఏమిటండీ ఇది?" ఆవిడ అడిగింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇరవయ్యేళ్ళుగా సరుకు గురించి ఒక్క అబద్ధమైనా ఆడి ఎరగడు.

"ఇవాళ... ముడుచుకుని ఉందండీ. విచ్చుకుంటే గానీ చెప్పలేను."

విచ్చుకున్న పువ్వులన్నీ ఆయన మొహంలోకే చూశాయి.

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని వంగింది. చాలాసేపు చూసింది.

"అవును సుమండీ. బాగా ముడుచుకుంది."

"మరి... వచ్చే ఆదివారం చూద్దామా?"

"చూద్దాం. దానికేం తొందర?"

మెట్లు దిగుతున్నాడన్న మాటే గానీ కాళ్ళు నేలమీద లేవు. గండం గడిచింది. కానీ ఎన్ని ఆదివారాలని ముడుచుకుంటుందది?

పైన, తలుపు వేసుకోగానే, ముప్పయ్యేళ్ళు కాలేజీలో పగడాల పాఠం చెప్పి రిటైరైన ఆవిడ, వచ్చే నెలంతా పేర్లు తెలియక తికమకపడడానికి మరో నాలుగు పగడాలు పంపమని వేరే దుకాణానికి ఫోన్ చేసింది.