సప్పుడు పాఠం

"నిలబడి నిద్రపోయినవురా?"

సాలమ్మ కొడుకు జానయ్య జుట్టు పట్టి ఊపింది. బడి ముందర ఊరంతా మూగింది. నడుమ బండి మీద ఐలేశం శవం. దొర మీద లేచిన సంఘానికి నాయకుడు; నిన్న పగలు పట్టుకపోయినోన్ని పోలీసులు పొద్దుగాల ఇట్ల తెచ్చి పడేసిండ్రు.

"నాకు దెబ్బ అందలేదమ్మా," అన్నడు జానయ్య.

దశరథం సారు పాఠం చదివియ్యడు, ఆట కట్టిస్తడు. సప్పుడు ఎట్ల పోతదో చెప్పాలంటే పిల్లలను వరుసగ నిలబెడతడు. మొదటోడు గంట, చివరోడు చెవి, నడుమ అందరు గాలి. ఎనుకోడు వీపు మీద చరిస్తే ముందటోన్ని చరవాలె. మనిషి కదలడు, దెబ్బ నడుస్తది. ఎనుకకు చూడొద్దు, నోరు తెరవొద్దు. పటేల్ కొడుకు కిష్టయ్య ఎనుక, మాదిగ సాలమ్మ కొడుకు ముందర, ఒక్క వరుసల! అందుకే సాలమ్మకు సారంటే దేవుడు.

ఆ ఆటే సంఘానికి కావలి అయింది. సందు మూల నుంచి ఐలేశం దాగిన కొట్టం దాక పిల్లల వరుస. పోలీసులు చూసినా పోరలు ఆడుకుంటున్నరనుకుంటరు.

నిన్న పోలీసులను చూసి గంట పోరడు సాయిలు చరిచిండు. దెబ్బ కిష్టయ్య దాక వచ్చింది. జానయ్య కదలలే. కొట్టంల ఐలేశంతోని ముచ్చట పెడుతున్న సారు, పోలీసులు మీద పడంగనే గోడ దుంకిండు. ఐలేశం దొరికిండు.

"దొరకు అమ్ముడుపోయిండ్రు తల్లీకొడుకులు!" పటేల్ ఉరిమిండు. "ఎల్లగొట్టుండ్రి సంఘంలకెల్లి!"

"తిట్టకుండ్రి," సారు తల వంచుకొని అన్నడు. "పోరడు జర మందం. పాఠంల గూడ నేను పక్కన నిలబడి బెత్తంతోని పొడిస్తెనే కదిలేటోడు."

సాలమ్మ చేతులు జోడించింది. "మందమే సారూ. అమ్ముడుపోయినోడు మాత్రం కాదు."

ఆమె కిష్టయ్య దిక్కు తిరిగింది.

"నువ్వన్న చెప్పు బిడ్డా. వీన్ని గట్టిగ చరిచినవా లేదా?"

కిష్టయ్య బాపు మొఖం చూసిండు, సారు మొఖం చూసిండు.

"సారు చెప్పినట్లే చరిచిన."

"ఎట్ల చెప్పిండు?"

"పిల్లగాన్ని ఎందుకడుగుతవు సాలమ్మా..." సారు అడ్డమొచ్చిండు.

కిష్టయ్య అనేసిండు: "నీ కొడుకును ముట్టకుండ చరువుమన్నడు."