నడిమి మంచె

"మత్తు వద్దు బాబూ. మంచానికి కట్టేసి కొయ్యండి," అన్నాడు గంగయ్య.

తుమ్మముల్లు దిగిన కాలు చీలమండదాకా నల్లబడింది. ఇవాళ తీయకపోతే మనిషే దక్కడని నరసరావుపేట డాక్టరు తేల్చి చెప్పాడు. యుద్ధం రోజులు. ఆస్పత్రిలో మిగిలింది ఒక్క క్లోరోఫారం సీసా.

"భయమెందుకు? నరాలు చావవు. ఒక నరం పంపిన కబురు పక్క నరం అందుకోదు, అంతే. నొప్పి తలదాకా చేరదు," అన్నాడు డాక్టరు.



"మంచెల మీద కేకలాగా," అన్నాడు గంగయ్య.

డాక్టరుకు అర్థం కాలేదు. పక్కనున్న పున్నమ్మకు అర్థమైంది.

నిరుడు జొన్న కంకి వేసినప్పుడు చివరి మంచె మీద ఆమె మొగుడు నాగులు కాపలా. నడిమి మంచె గంగయ్యది. ఆపదొస్తే మంచెకు మంచె కేక అందుకుని ఊరికి చేర్చాలి. మిట్టమధ్యాహ్నం నాగుల్ని పాము కరిచింది. కేక ఊరికి రాలేదు. పొద్దుగూకే వేళ చేలోకి వెళ్లిన పున్నమ్మకు చల్లబడ్డ ఒళ్లు దొరికింది.

"కునుకు పట్టిందమ్మా," అని గంగయ్య ఆమె కాళ్ల మీద పడ్డాడు. అప్పటినుంచి ఆమె చేను కూడా ఆయనే దున్నుతున్నాడు.

"ఏంది గంగన్నా ఈ మొండితనం?" అంది పున్నమ్మ. "ఒక్క కునుకు తీశావని జన్మంతా నిద్ర మానేస్తావా? కునుకు ఎవరి చేతిలో ఉంది? మీ ఇద్దరి చేల గట్టు తగాదా కూడా ఆయనతోనే పోయింది. నువ్వు పోతే నా చేను ఎవడు చూస్తాడు, మీ తాతా?"

"నిద్ర చేసింది చాలు చెల్లెమ్మా."

"చెయ్యి పట్టుకుని ఇక్కడే కూచుంటా. పడుకో."

ఆ మాట కాదనలేకపోయాడు.

కంపౌండరు ఇన్నయ్య ముక్కు మీద గుడ్డ పెట్టి చుక్కలు వేశాడు. గంగయ్య అంకెలు లెక్కపెట్టాడు. పున్నమ్మ అరచేయి గరుగ్గా, వెచ్చగా ఉంది. ఏడు దాకా గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి కాలు లేదు. పట్టుకున్న చెయ్యీ లేదు.

"పున్నమ్మ ఏది?"

"నీకు మత్తెక్కగానే బండి కట్టించుకుని పోయింది. పిలిచినా తిరిగి చూడలా," అన్నాడు ఇన్నయ్య, సీసాకు బిరడా బిగిస్తూ. "అయినా చానా గట్టి పిండానివి తాతా, మత్తెక్కేదాకా ఒకటే గోల: 'నాకు కునుకు పట్టలేదురా నాగులూ, నీ కేక ఇనపడతానే ఉంది, అరవరా, ఇంకా అరవరా' అని!"