రంగుల గది సూపర్‌వైజరు

నోటీసు బోర్డు మీది కాగితాన్ని పిన్నులతో సహా పీక్కొచ్చి, మేనేజరు బల్ల మీద విసిరికొట్టిందామె.

“ఏమిటి సార్ ఇది? రంగుల గదికి అతన్ని సూపర్‌వైజరుగా వేశారా?”

ఆ అద్దకం మిల్లులో పదకొండేళ్లుగా ఏ రంగు కుదరకపోయినా అందరూ పరుగెత్తుకొచ్చేది ఆమె దగ్గరికే. ఆ కుర్చీ తనకు కావాలన్న సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. మేనేజరు వచ్చి నిండా నెల కాలేదు. పనిచేసేదెవరో, చేస్తున్నట్టు కనిపించేదెవరో ఆయనకింకా అంతుపట్టలేదు.

“కూర్చోమ్మా. ముందు కాసిని మంచినీళ్లు తాగు.”

“నాకు దాహం వెయ్యట్లేదు సార్, ఒళ్లు మండుతోంది. తడి గుడ్డ చూసి రంగు కుదిరిందనే మనిషి అతను! ఆరబెట్టి, కిటికీ వెలుతురులో చూడాలని వందసార్లు చెప్పాను. మొన్న నాలుగు తానులు తగలేస్తే సరిచేసింది ఎవరనుకున్నారు?”

“నీకు పని రాదని ఎవరన్నారు? నీకు వచ్చినంత ఇక్కడ ఎవరికీ రాదు.”

ఆ మెచ్చుకోలుతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“మరి నాకెందుకివ్వలేదు?”

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఎదుటివాళ్లకు బుద్ధి చెప్పబోయేవాళ్లంతా ముందు అలాగే వాలతారు.

“సూపర్‌వైజరంటే పిలిచిన వేళకు రావాలి. ఇంట్లో వంటా, పిల్లలూ ఎవరు చూస్తారని ఇంటర్వ్యూలో అడిగితే నువ్వేం చెప్పావు?”

“ఎలాగో సర్దుకుంటానన్నాను.”

“చూశావా, నీళ్లు నమిలావు! నాకు ఆడా మగా తేడా లేదమ్మా. అదే ప్రశ్న అతన్నీ అడిగాను. ‘నాకా బాదరబందీ లేదు సార్, అన్నీ మా ఆవిడే చూసుకుంటుంది’ అని ఠక్కున చెప్పాడు. అలాంటి ఇల్లాలు నీకూ ఉంటే ఈ ఉద్యోగం నీకే ఇచ్చేవాణ్ణి.”

ఆమె ముఖం కందగడ్డయింది.

“ఆ మాట అన్నాడా? అతని నోటితోనే అన్నాడా?”

“అక్షరం పొల్లుపోకుండా అన్నాడు. నువ్వెందుకమ్మా అంత కోపంగా చూస్తావు?”

ఆమె బల్ల మీది కాగితం తీసుకుని పరపరా నాలుగు ముక్కలు చేసింది.

“ఆ ‘మా ఆవిడ’ నేనే సార్!”