ఐదు తరాల గులాబీ

"కొమ్మ మీద చెయ్యి వెయ్యకండి!"

అత్తగారి కేకకి వంటింట్లో ఉన్న అనూష ఉలిక్కిపడి పెరట్లోకి వచ్చింది. గులాబీ చెట్టు ముందు హేమంత్ చిన్న కత్తెర పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఒక్క రెమ్మే కదండీ పిన్నిగారూ! బందరు తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే దీని తల్లి ఏ జాతో, తండ్రి ఏ జాతో తేలిపోతుంది."

"ఇవాళ మంగళవారం. కొయ్యకూడదు," అంది ప్రసన్నలక్ష్మి.

"మొన్నేమో అమావాస్య అన్నారు. అంతకుముందు శుక్రవారం అన్నారు."

"అయితే? వారాలు నేను పెట్టానా?"

హేమంత్ బందరులో కాలేజీ లెక్చరరు. పాత గులాబీల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం అతనికో పిచ్చి. కోడూరు దగ్గర ఈ ఊళ్ళో వందేళ్ళ గులాబీ ఉందని ఎవరో చెబితే, బండేసుకుని మూడోసారి వచ్చాడు.

ఐదు తరాల కిందట ఆ ఇంటి కోడలు ఒకావిడ బందరు దొరగారి బంగళా నుంచి ఆ మొక్కని ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. అప్పట్నుంచీ కొత్తకోడలు కాపురానికొచ్చిన రోజున దానికి బిందెడు నీళ్ళు పొయ్యాలి. ఇక ఆ చెట్టు బాధ్యత ఆమెదే. "ఇది వాడిందా, కోడలి చెయ్యి మంచిది కాదంటారు," అని ప్రసన్నలక్ష్మి మొదటిరోజే అనూషకి చెప్పింది.

ఇప్పుడా మాట గుర్తొచ్చింది అనూషకి. అత్తగారు ఎందుకు అడ్డుపడుతున్నట్టు? చెట్టు మీద మమకారమా? లేక అంతా తెలిసే, తనని నలుగురిలో పట్టించడానికి సమయం చూస్తోందా? హేమంత్ మొదటిసారి వచ్చి వెళ్ళినప్పట్నుంచీ చూస్తోంది. అత్తగారు తెల్లారకముందే లేచి చెట్టు మొదట్లో వంగి ఏదో చూస్తుంది. మట్టి ఎగదోస్తుంది. తన అడుగుల చప్పుడు వినపడితే చాలు, నడుం పట్టుకున్నట్టు లేస్తుంది.

"పోనీ కొయ్యనులెండి. మొదలు చూస్తాను," అన్నాడు హేమంత్.

"వద్దు!"

అత్తా కోడలూ ఒక్కసారే అన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టయింది అనూషకి.

అప్పటికే అతను గొంతుక్కూర్చుని మట్టి పక్కకి తోసేశాడు. మొదట్లో ఒక బుడిపె బయటపడింది. దాన్ని వేలితో తడిమి, పెదవి విరిచాడు.

"ఇది అంటు మొక్కండీ. ఏదో నర్సరీలో కట్టింది. నాలుగేళ్ళకి మించి వయసుండదు. మీరు చెప్పే చెట్టు ఇది కాదు."

అనూష అత్తగారి వైపు చూసింది.

"ఐదు తరాల చెట్టుకి నాలుగేళ్ళా?" ప్రసన్నలక్ష్మి గొంతు పెద్దదయింది. "చదువుకున్నవాడివని ఊరుకుంటున్నాను బాబూ. ముందు కళ్ళు చూపించుకో. ఇక బయల్దేరు."

అతని బండి చప్పుడు కరకట్ట ఎక్కి దూరమైంది.

"మట్టి కప్పెయ్," అంది అత్తగారు, ఎటో చూస్తూ.

అనూష చేతులు కదల్లేదు.

"అత్తయ్యా... అతను చెప్పింది నిజమే. మీరు మోకాలి ఆపరేషనుకి విజయవాడలో ఉన్నప్పుడు బోర్లో ఉప్పునీళ్ళొచ్చాయి. చూసుకోకుండా అవే పోశాను. వారంలో నిలువునా మాడిపోయింది. మీరొచ్చేలోపు అచ్చం అలాంటిదే తెచ్చి పాతాను. నన్నేమన్నా పడతాను. మా అమ్మానాన్నల్ని మాత్రం ఏమీ అనకండి."

ప్రసన్నలక్ష్మి అరుగు మీద కూలబడింది.

"ఎక్కడ తెచ్చావ్?"

"గుడివాడలో... బాబూరావు నర్సరీలో. మన ఊరూ, ఇంటిపేరూ చెప్పి ఫోన్‌లో బొమ్మ చూపించగానే, నవ్వి, లోపలికెళ్ళి పట్టుకొచ్చాడు."

"నవ్వాడా?"

"అవును. ఎందుకో నాకర్థం కాలేదు."

అత్తగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని అనూష కంగారుగా దగ్గరికెళ్ళింది.

"నాకిచ్చినప్పుడు వాళ్ళ నాన్నా అలాగే నవ్వాడే!"