ఓదేలు పేరు బోర్డు

పొద్దున తొమ్మిదికే, ఎవరూ బయట తిరగొద్దని ఎండ సైరన్ మోగింది. దొడ్లో వడియాలు అప్పటికే మాడిపోయాయి. నా మనవరాలు సింధూర, తోటి పిల్లలు మాత్రం ధర్నాకు కూర్చున్న యూనివర్సిటీ మెట్లు దిగలేదు. బొగ్గు కంపెనీల్లో పెట్టిన యూనివర్సిటీ నిధిని వెనక్కి తీసేయాలని వాళ్ల పట్టు. మజ్జిగ తీసుకుని నేనూ వెళ్లాను.

రోడ్డు పనిలో వడదెబ్బకు పోయిన మా ఆయన ఓదేలు పరిహారం ఆ నిధిలోనే ఉంది. ఆయన పేరిట పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తామంటే వేలిముద్ర వేసి ఇచ్చాను గానీ, అది బొగ్గులో పెట్టారని సింధూర చెప్పేదాకా తెలియదు.

చల్లగాలి ఊదే చొక్కా తొడుక్కుని వీసీ వచ్చారు.

"అమ్మా, ఆ లాభంతోనేగా ఓదేలు గారి స్కాలర్‌షిప్ ఇచ్చేది! పిల్లలకు మీరన్నా చెప్పండి."

"ఆయన్ను సంపిన ఎండను ఆయన పైసలతోనే ఎగేస్తున్నరా సారూ? సిగ్గనిపిస్తలేదా?"

లోపలికి పోయి, గోడకున్న మా ఆయన పేరు బోర్డు ఊడబెరికి, చంకన పెట్టుకుని వీసీ ముందుకొచ్చాను.

"బొగ్గులకెల్లి పైసలు తీసిన నాడు అడుగుండ్రి, ఈ పేరు మల్లిస్త!"