రెండు వరసల తెర

తెర వెలిగింది. ఆకుపచ్చగా, నున్నగా, ఒక్క అక్షరం లేకుండా వెలిగింది.

“మళ్ళీ మొదటికొచ్చింది!” అంటూ అల్లుడు స్క్రూడ్రైవర్ని నేలకేసి కొట్టాడు.

మంచం మీద వెల్లకిలా పడుకున్న అత్తగారు నవ్వింది. “బాగుంది బాబూ, బాగుంది.”

వినికిడి పోయిన దగ్గర్నుంచి ఆవిడది అదే వరస. ఎవరేమన్నా బాగుందంటుంది. మొన్న పక్కింటావిడ తన మొగుడి ఉద్యోగం పోయిందని ఏడ్చినా అదే మాట అంది. ఒకప్పుడు లెక్కల టీచరు. ఆవిడ నోటికి హెడ్మాస్టరు కూడా జంకేవాడు. తుంటి విరిగి మంచాన పడ్డాక, చుట్టూ అందరూ మాట్లాడుకుంటుంటే వాళ్ళ పెదాల వంక చూస్తూ ఉండిపోతోంది. అది చూడలేకే అల్లుడు ఈ పని నెత్తికెత్తుకున్నాడు.

గదిలో ఎవరు మాట్లాడినా మైకు వింటుంది. అరచేతిలో పట్టే కంప్యూటరు బోర్డు ఆ మాటల్ని అక్షరాలుగా మారుస్తుంది. మంచానికి పైన గోడకి బిగించిన రెండు వరసల చిన్న తెర వాటిని చూపిస్తుంది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. పాత బోర్డుతో పనిచేసేది గానీ నత్తనడక. పొద్దున పలకరిస్తే మధ్యాహ్నానికి తెర మీదకొచ్చేది. ఈ సాయంత్రం బావమరిది వస్తున్నాడు. తల్లీకొడుకులు నాలుగు మాటలు మాట్లాడుకోవాలి కదా అని కొత్త బోర్డు తెచ్చాడు.

కొత్త కోడలికి అత్తగారి వంటిల్లు నచ్చనట్టు, కొత్త బోర్డుకి పాత తెర నచ్చలేదు. పాత ప్రోగ్రామునైతే దగ్గరికే రానివ్వలేదు. కొత్తది రాశాడు. ఎక్కువ వోల్టేజి తగిలితే బోర్డు మాడి మసైపోతుందని ఎవరో భయపెడితే, తెర తీగని తక్కువ వోల్టేజి పిన్నుకి మార్చాడు. తప్పులేమీ లేవంటోంది బోర్డు. అక్షరం మాత్రం రాదు. స్టూలెక్కి, తెరకి ముక్కు ఆనించి మరీ చూశాడు. ఖాళీ.

“పదంతస్తుల లిఫ్టులు బాగుచేస్తారు, జానెడు తెర మీద ఒక్క అక్షరం తెప్పించలేరా?” అంది భార్య.

“నీ నోరు మాత్రం బాగా పనిచేస్తోందిలే! ఈ దిక్కుమాలినదాంతో నేను చస్తుంటే, అక్కడ మీ అమ్మకి నవ్వులాటగా ఉంది చూడు.”

అత్తగారు ఇంకా గట్టిగా నవ్వింది. “బాగుంది బాబూ.”

“ఏంటి బాగుండేది, నా మొహం!”

అంతలో భార్య ఫోను మోగింది. డాక్టరు. ఆమె వింటూ వింటూ కుర్చీలో కూలబడింది. ఫోను పెట్టేసి, తల్లికి కనపడకుండా గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

“రెండో ఆపరేషన్ చేసినా లాభం లేదట. అమ్మ ఇక నడవలేదట.”

అల్లుడి చేతులు ఆగిపోయాయి. “ఆవిడకి చెప్పకు.”

“ఏ నోటితో చెప్పను? రెండు నెలల్లో లేచి తిరుగుతావనే చెబుదాం.”

అని, తల్లి వైపు తిరిగి నవ్వు మొహం పెట్టింది. అత్తగారు ఈసారి బాగుందనలేదు.

“ఇక చాలు బాబూ. కట్టెయ్ దాన్ని.”

“చూశావా, ఆవిడక్కూడా విసుగొచ్చింది,” అన్నాడు అల్లుడు. కోపం కంటే సిగ్గు ఎక్కువైంది అతనికి. పొద్దున్నుంచీ ఇల్లంతా తీగలు పరిచి, చివరికి ముసలావిడ చేత కూడా చాలనిపించుకున్నాడు. తెర ఊడదీద్దామని మళ్ళీ స్టూలెక్కాడు.

బావమరిది రానే వచ్చాడు. అక్క అతన్ని గుమ్మంలోనే పట్టుకుంది. అమ్మకి ఎలాగూ వినపడదు కనుక గొంతు తగ్గించాలని కూడా అనుకోలేదు.

“ఒరేయ్, నడక సంగతి ఎత్తకు. అమ్మకి తెలియకూడదు.”

వాడు తలూపి, తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుంది గానీ, కళ్ళు మాత్రం పైనే ఉంచింది. అల్లుడి వేళ్ళలోంచి స్క్రూ జారి దిండు పక్కన పడింది.

స్టూలు దిగి దాన్ని వెతుకుతూ, అత్తగారి తలకి తల ఆనేంతగా కిందికి వంగి, యథాలాపంగా పైకి చూసిన అల్లుడికి, స్టూలు మీంచి ఇంతసేపూ ఖాళీగా కనిపించిన ఆ తెర మీద, దిండు దగ్గర్నుంచి చూస్తే మాత్రం, నల్లటి అక్షరాలు కొట్టొచ్చినట్టు కనిపించాయి: ‘AMMAKI TELIYAKOODADU.’