మాట ఆగకూడదు

“సిల్వో, పైన నువ్వు స్పృహ తప్పిన మనిషివి. ఒక్క మాట మాట్లాడినా నీ కూతురు తప్పినట్టే,” అన్నాడు పరీక్షాధికారి ఉర్బాంచ్ తల పైకెత్తి.

లిండెన్ చెట్టు సగం ఎత్తులో తాడుకు వేలాడుతున్న సిల్వో, శవంలా పడుండటం తనకెవరూ నేర్పక్కర్లేదని గొణిగి కళ్లు మూసుకున్నాడు. చూడటానికి పార్కులో చేరిన చెట్లపనివాళ్లు పకపకా నవ్వారు. సిల్వో నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్లు మారిబోర్ ఊరు మొత్తంలో ఎవరూ లేరు మరి. అతని కూతురు నివెస్‌కు మాత్రం నవ్వు రాలేదు. హెల్మెట్ పట్టీ విప్పి మళ్లీ బిగించుకుంది.

ఏళ్ల తరబడి తండ్రి చెట్టెక్కితే ఆమె కింద తాడు పట్టుకుంటోంది. ఇప్పుడు కొత్త రూలొచ్చింది. పైన కొమ్మలు కోసేవాళ్లు ఒకరు, వాళ్లకేమన్నా అయితే ఎక్కి దించడానికి కింద ఒకరు ఉండాలి. ఆ ఇద్దరికీ లైసెన్సు ఉండాలి. ఈ పరీక్ష తప్పితే నివెస్‌కు పై పని మాట దేవుడెరుగు, కింద పని కూడా పోతుంది.

ఉర్బాంచ్ చేయి ఊపగానే ఆమె తాడు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కడం ఒక్కటే అయితే బాగానే ఉండేది. దించేవాళ్లు దెబ్బతిన్న మనిషితో మాట్లాడుతూనే ఉండాలన్నది ఇంకో రూలు.

“నాన్నా, నేను నివెస్‌ని. వస్తున్నాను. భయపడకు.”

ఇదే నాలుగైదు సార్లు తిప్పి తిప్పి చెప్పింది. తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. ఇంట్లో కూడా మాట్లాడేది ఆయన, వినేది ఆమె. ఆయనతో మాట్లాడటం ఆమెకు అలవాటే లేదు.

“మాట ఆగింది,” అన్నాడు ఉర్బాంచ్ కింద నుంచి. “ఇంకోసారి ఆగితే ఇంటికే.”

ఆ కంగారులో నోటికి దొరికింది, వారం రోజులుగా కక్కలేక మింగలేక దాచుకున్నదే.

“నాన్నా, నేను హ్రిబర్ దగ్గర చేరుతున్నాను. సోమవారం నుంచి.”

సిల్వో కనురెప్ప అదిరింది. హ్రిబర్‌ది ఊళ్లోకెల్లా పెద్ద చెట్లపని కంపెనీ. సిల్వో ఇంట్లో ఆ పేరెత్తితే ఆ పూట ఎవరికీ అన్నం సయించదు. నివెస్‌కు అప్పుడు తెలిసింది తనెంత పని చేసిందో. ఆయన పోట్లాడక్కర్లేదు, తిట్టక్కర్లేదు. “ఏంటీ?” అంటే చాలు. లైసెన్సు పోతుంది, హ్రిబర్ దగ్గర ఉద్యోగం పోతుంది, ఏ పనీ లేక ఆయన మీదే ఆధారపడి పడుండాలి.

ఆగితే తప్పుతుంది, ఆపకపోతే ఆయన పేలతాడు. ఆమె మాట్లాడుతూనే పోయింది.

“నీ మీద కోపమేం లేదు. ఎందుకు లేదు, ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా నన్ను పైకి పంపావా? మెడ పైకెత్తి నీ కేకలు వినడమే నా బతుకైపోయింది. హ్రిబర్ మొదటి రోజు నుంచే చెట్టెక్కిస్తానన్నాడు.”

చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. ఆయన బెల్టును తన బెల్టుకు తగిలించింది. హుక్కు బిగిసిందో లేదో ఒకటికి రెండుసార్లు లాగి చూసింది. “బరువు నా మీద వేసుకుంటున్నాను నాన్నా,” అంటూ మెల్లగా దిగసాగింది. సిల్వో మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, మొహం కందగడ్డలా ఉంది. అయినా పెదవి కదపలేదు. ఆమె అలాగే ఆయన్ను నేల దాకా దించింది.

ఉర్బాంచ్ ముడులన్నీ చూశాడు. “పాసయ్యావు,” అన్నాడు.

ఇక ఇప్పుడు పేలతాడని నివెస్ కాచుకుంది. సిల్వో లేచాడు, మీసంలో ఇరుక్కున్న ఆకు తీసేసుకున్నాడు, కూతురి వంక చూడకుండా వెళ్లి తన తాడు సర్దుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

ఆయన పాత లైసెన్సుకు ఈ నెలతో గడువు తీరిపోతోంది, ఆయనా మళ్లీ పాసవ్వాలి. అదే చెట్టు, అదే పరీక్ష. ఈసారి వేలాడేది నివెస్.

“ఒక్క మాట అన్నావా, మీ నాన్న తప్పినట్టే,” అని ఉర్బాంచ్ ఆమెకూ చెప్పాడు.

ఆమె పైన కళ్లు మూసుకుని వేలాడింది. తిట్టేవాడికి నోరుంది, పడేవాళ్లకు లేదు. ఇంతకంటే మంచి అవకాశం ఆయనకు జన్మలో రాదు. ఏమన్నా పడాలని పళ్లు బిగపట్టింది. కింద నుంచి ఆయన మోకాళ్లు పటపటమంటూ దగ్గరకొస్తున్నాయి.

“వస్తున్నా. భయపడకు. వస్తున్నా,” అన్నాడు సిల్వో. తర్వాత ఏమీ అనలేదు.

“సిల్వో, మాట ఆగింది,” అని కింద నుంచి ఉర్బాంచ్ అరిచాడు. సిల్వోకి ఆ మాట చెప్పాల్సి రావడం ఇదే మొదలని జనం మళ్లీ నవ్వారు.

ఆమె బెల్టుకు హుక్కు పడింది. చెవి పక్కనే ఆయన ఆయాసం వినిపించింది. తర్వాత ఆమె ఎన్నడూ వినని చిన్న గొంతు వినిపించింది.

“కదలకు అమ్మాయ్. నిన్ను పైకి పంపలేదంటే, కింద నిలబడి చూసే ధైర్యం నాకు లేక. ఇప్పుడు మోకాళ్లు పోయాయి. రోజూ ఎక్కడం ఇక నావల్ల కాదు. నీకు చెప్పడానికి నోరు రాలేదు.” హుక్కు లాగి చూశాడు. “బరువు నా మీద వేసుకుంటున్నా. దండం పెడతాను, నోరు మాత్రం తెరవకు. ఈ లైసెన్సు నాకు కావాలి. హ్రిబర్ నన్నూ తీసుకున్నాడు. కొత్తగా ఓ పిల్ల చేరుతోంది, ఆ పిల్ల చెట్టెక్కుతుంది, నువ్వు కింద తాడు పట్టుకో అన్నాడు. ఆ పిల్లెవరో ఇందాక నేనిక్కడ వేలాడుతుంటే నీ మాటల్లోనే నాకు తెలిసింది.”